వైద్యుని యెదుట సిగ్గు

వైద్యునికడను వకీలుకడను దాపరికము పనికిరాదని మన పెద్దలు చెప్పుదురు. వకీలు విషయమున జనులీ మాటను చక్కగా పాటించుచున్నారు. అన్నదమ్ముల తగవులును, అప్పుపత్రములును, ఇంటిగుట్టులును మొదటి దినముననే ఆయన బల్లమీద కుమ్మరింతురు. వైద్యునికడకు పోయినప్పుడు మాత్రము ఆలోచన మాఱిపోవును. తలనొప్పి యని మొదలిడి, ఆకలి లేదని చెప్పి, నిద్ర పట్టుటలేదని ముగించి, అసలు వచ్చిన పనిని నోట నుంచుకొనియే యింటికి మరలి వత్తురు. దాంపత్యమునకు సంబంధించిన రోగమైనచో పదుగురిలో ఏ యొక్కరో తప్ప నోరు విప్పరు. ఇది రోగియొక్క అజ్ఞానమనియు సిగ్గనియు వైద్యులు చెప్పుచుండగా మేము పలుమాఱులు వింటిమి. మా యభిప్రాయము వేఱు. ఈ సిగ్గులో రోగి పాలు కొంచెమే. వైద్యుని పాలు అంతకంటె నెక్కువ. భాషను చేతబట్టుకొని బ్రతుకుచున్న మావంటి యుపాధ్యాయుల పాలును, రచయితల పాలును తక్కువ కాదు. ఈ మాట నిరూపించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము కాపురముండు శ్రీనగర్ కాలనీ అమీర్‌పేటకును పంజాగుట్టకును చేరువ నున్నది. పంజాగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ యనెడి మహావైద్యాలయము గలదు. మా వీథులలో హృదయమునకు వేఱు వైద్యుడు, మధుమేహమునకు వేఱు వైద్యుడు, సంతానము లేనివారికి వేఱు వైద్యశాల. రోగి చెప్పుకొనదలచినచో చోటు లేదని యనుట కవకాశము లేదు. ఇక అమీర్‌పేటవైపు నడచినచో, జిల్లాలనుండి కంప్యూటరు చదువులకై వచ్చి, వసతిగృహములలో గదికి నలుగురు చొప్పున నుండు యువకులు వేలకొలది కనబడుదురు. అచ్చటి గోడలమీదను, మూత్రశాలల తలుపులమీదను 'గుప్తరోగములకు శాశ్వత చికిత్స' యను ప్రకటనలు అంటింపబడియుండును. స్వప్నస్ఖలనము, హస్తప్రయోగము, నరముల బలహీనత, మగతనము అని యొక్క మాటయు విడువక పెద్ద యక్షరములతో వ్రాయబడియుండును. పట్టపుచ్చుకొన్న వైద్యుడు నోటితో పలుకుటకు సంకోచించు మాటలన్నియు ఆ గోడమీద నున్నవి. ఒకచోట మాట లేని వైద్యము, మఱియొకచోట వైద్యము లేని మాట. చదువుకొనని పేదవాడే కాదు, చదువుకొన్న యువకుడు సయితము మాట యున్న చోటికే పోవుచున్నాడు.

దీనివలన కలుగు హానిని ఊహించి చెప్పుట లేదు. మాతోడి గణితోపాధ్యాయుడొకనికి నలువదియెనిమిదవ యేట రక్తపోటు కనబడెను. వైద్యుడు మాత్రలు వ్రాసి యిచ్చెను. మూడునెలలు గడచిన పిమ్మట ఆయనకు భార్యయెడ అశక్తత కలిగెను. మరల వైద్యునికడకు పోయినప్పుడు గదిలో మఱి నలుగురు రోగులు నిలుచుండియుండిరి. వైద్యుడు గంట నొక్కుచు 'ఇంకేమైనా ఉందా?' యని యడిగెను. మన గణితోపాధ్యాయుడు 'లేదండీ' యని లేచి వచ్చెను. ఇంటికి వచ్చి తనంతట తానే మాత్రలు మానివేసెను. ఎనిమిది నెలలకు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. నల్లబల్లమీద వ్రాయు చేయి యది. మేము చూడబోయినప్పుడు ఆయన మెల్లగా నిట్లనెను: 'అడిగి ఉంటే చెప్పేవాణ్ణి మాస్టారూ. ఆయన అడగలేదు.' కొన్ని రక్తపోటు మందులు కొందఱియం దిట్టి యిబ్బంది కలిగించుననియు, చాల సందర్భములలో మందు మార్చినచో సరిపడుననియు వైద్యులకు తెలియనిది కాదు. రక్తపోటే యీ యిబ్బందికి కారణము కావచ్చుననియు వారెఱుగుదురు. మాట యొక్కటియే లోపించెను. దాని వెల ఒక కుడిచేయి.

ఇట్టివి మఱియు గలవు. మధుమేహము నాడులను రక్తనాళములను చెఱచునప్పుడు పురుషునియందు అశక్తత యొక ముఖ్యలక్షణము. ఆ భాగమునకు పోవు రక్తనాళములు హృదయమునకు పోవు నాళములకంటె సన్ననివి గనుక, కొందఱియందు గుండెజబ్బు బయటపడుటకు కొన్ని సంవత్సరములు ముందుగనే యీ సూచన కనబడును. దీనిని చెప్పుకొనని వాడు సుఖమునే కాదు, ప్రాణము గూర్చి వచ్చిన హెచ్చరికను కూడ పోగొట్టుకొనుచున్నాడు. మనోవ్యాధికి వాడు మందులలో కొన్ని దాంపత్యేచ్ఛను తగ్గించును. ఆ సంగతి ముందుగా చెప్పనిచో రోగి మందు మానును, మానసికవ్యాధి తిరుగబెట్టును. 1998లో అశక్తతకు మాత్ర వెలువడినది మొదలు దానిని వైద్యునితో చెప్పకుండ దుకాణమున కొని మ్రింగువారు బయలుదేఱిరి. గుండెనొప్పికి నైట్రేటు మందు వాడువాడు దానిని మ్రింగెనేని రక్తపోటు ప్రాణాపాయమగునంతగా పడిపోవును. స్త్రీల సంగతి చెప్పనక్కఱలేదు. తెల్లబట్టనుగాని, కలయికలో నొప్పినిగాని, కలయిక తరువాత కనబడు రక్తమునుగాని సంవత్సరములకొలది దాచుకొనెదరు. ఈ కడపటిది గర్భాశయ ముఖమున పుట్టు పుట్టకురుపునకు చిహ్నము కావచ్చునని యెఱిగినవారు వారిలో నెందఱు?

ఇప్పుడు పూర్వపక్షమును విందము. 'ఇట్టి మాటలు మన సంప్రదాయమునకు విరుద్ధములు. ఇవి పాశ్చాత్యుల వాడుకలు' అని కొందఱందురు. సంస్కృతము చదివినవారము గనుక దీనికి బదులు చెప్పుట మా విధి. ఆయుర్వేదముయొక్క యెనిమిది యంగములలో వాజీకరణ మొకటి. చరకసంహిత చికిత్సాస్థానమున రెండవ యధ్యాయమే దానికి కేటాయింపబడినది; జ్వరచికిత్స దాని తరువాతనే వచ్చినది. ఆ గ్రంథముననే విమానస్థానమున శిష్యునకు గురువు చేయు నుపదేశము గలదు. రోగి యింట తెలిసికొన్న సంగతులను వెలుపల చెప్పరాదని అందు స్పష్టముగా నున్నది. రహస్యము కాపాడుమని శాసించెననగా, రోగి రహస్యము చెప్పుకొనునని యెఱిగియే కదా శాసించుట!

అయినను ప్రాచీనులను పొగడి యూరకుండుట విమర్శ కాదు. ఆ యుపదేశముననే భర్తగాని రక్షకుడుగాని లేనిచో స్త్రీకి చికిత్స చేయరాదను నియమము కూడ నున్నది. ఆ కాలమున దానికి కారణ మేమైనను, నేటికిని దాని నీడ తొలగిపోలేదు. అత్తగారు ప్రక్కన కూర్చుండగా కోడలిని 'కాపురములో ఇబ్బంది యున్నదా?' యని యడిగిన నేమని చెప్పగలదు? శుక్రధాతువు విషయమును నిట్టిదే. రసము మొదలు శుక్రమువఱకు ఏడు ధాతువులని శాస్త్రము చెప్పి, శుక్రమును కడపటి సారముగా నెన్నెను. దానినుండి లోకమున నొక భయము పుట్టినది. ఒక్క బొట్టు పోయిన ననేకముల రక్తబిందువులు పోయినట్లే యని తలచి, యువకులు తమకు క్షయము పట్టినదని క్రుంగిపోవుచుందురు. వారికి నీరసము నిజము, గుండెదడ నిజము, నిద్రలేమియు నిజము. కాని వానికి మూలము భయమే. ఈ స్థితికి 1960లో డాక్టరు విగ్ 'ధాత్ సిండ్రోమ్' అను పేరు పెట్టెను. శుక్రము శరీరమున నెడతెగక తయారగుచుండుననియు, దాని పోకచే శరీరము క్షీణింపదనియు నేటి శాస్త్రమున స్థిరపడినది. గోడప్రకటనలవారు బ్రతుకుచున్నది యీ భయముమీదనే. శాస్త్రములోని యొక గౌరవవచనము వంచకుని చేతిలో నాయుధమైనది.

ఇక మన తెలుగు మాటకు వత్తము. మన ప్రాచీనులు నోరు కట్టుకొన్నవారు కారు. కూచిరాజు ఎఱ్ఱన కొక్కోకమును తెనిగించెను. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి యాస్థానమున ముద్దుపళని రాధికాసాంత్వనము వ్రాసెను. తరువాత సంస్కరణయుగము వచ్చినది. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధని స్థాపించి, 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము చేయించి, మన జాతికి చేసిన మేలు తీర్చుకొనరానిది. ఆ పంతులుగారే ముద్దుపళని కవిత్వమున స్త్రీకి తగని మాటలున్నవని నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ గ్రంథమును సంపూర్ణముగా ముద్రింపించెను. 1911లో ప్రభుత్వము దానిని నిషేధించెను. 1947లో గాని యా నిషేధము తొలగలేదు. రాధికాసాంత్వనము వైద్యగ్రంథము కాదని మే మెఱుగుదుము. కాని యొక జాతి తన శరీరమును గూర్చి పలుకు మాటల నన్నింటిని బూతు లనెడి యొక్క గంపలో వేసి మూత పెట్టినచో, ఆ గంపలో వైద్యునకు కావలసిన మాటలును పడిపోవును. మేము సంస్కర్తల వారసులము. వారు బోగముమేళముల తలుపు మూసినప్పుడు ప్రక్కనున్న యీ చిన్న కిటికీ కూడ మూసికొనిపోయినదని యొప్పుకొనుట మాకు ధర్మము.

నిందించుటకు ముందు మా తప్పును చెప్పవలెను. మా గురువుగారు కుమారసంభవమును ఏడవ సర్గతో ముగించి పుస్తకము మూసిరి. ఎనిమిదవ సర్గ యేమయ్యెనని యడుగుటకు మాకు ధైర్యము లేకపోయెను. మేము గురువులమైన తరువాత మేమును నట్లే మూసితిమి. మా పాఠశాలలో పదవ తరగతి జీవశాస్త్రమున ప్రత్యుత్పత్తి పాఠము వచ్చినప్పుడు 'ఇది ఇంట్లో చదువుకోండి' యని చెప్పి దాటించు నుపాధ్యాయులను మేము చూచితిమి. చూచియు నేమియు ననలేదు. ఆ తరగతిలోని బాలుడే కదా పదేండ్లకు రోగి యగుచున్నాడు. వానితోడివాడే కదా వైద్యు డగుచున్నాడు!

మూసిన నోళ్లను తెఱచుటకు యత్నించినవారు లేకపోలేదు. బొంబాయిలో ఆర్. డి. కర్వే 1927లో సమాజస్వాస్థ్యమను మరాఠీ పత్రిక స్థాపించి, పాఠకుల ప్రశ్నలకు తొట్రుపాటు లేక బదులు వ్రాసెను. ఆ బదుళ్లు అశ్లీలములని 1934లో వ్యాజ్యము నడువగా అంబేద్కరు ఆయన పక్షమున వాదించెను. కర్వేకు జరిమానా తప్పలేదు గాని పత్రిక యాగలేదు. మన తెలుగునాట విజ్ఞానచంద్రికామండలిని 1906లో ఈ హైదరాబాదుననే స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి కుమార్తె డాక్టరు అచ్చమాంబ 'ప్రసూతి–శిశుపోషణ' వ్రాసి, ఆడువారికి వారి శరీరమును గూర్చి తెలుగున చెప్పెను. తరువాత విజయవాడలో గోరాగారి కుమారుడు డాక్టరు సమరము వారపత్రికలలో పాఠకుల దాంపత్యసంశయములకు దీర్ఘకాలము సమాధానములు వ్రాసిరి. తెలుగు చదువగలిగిన వారిలో ఆ పుటలను, ఎవ్వరును చూడకుండనైనను, తిరుగవేయనివా రరుదు.

ఆ ప్రశ్నోత్తరశాఖ నొక సాహిత్యశాఖగా భావించి విమర్శింపవలసి యున్నది. ఇంతవఱకు విమర్శకులు దానిని ముట్టుట నామోషీగా తలచిరి. దాని గుణములు గొప్పవి. వాక్యము చిన్నది, మాట తేట, ఆడంబరము లేదు. 'ఇది రోగము కాదు' అను మూడు మాటలచే నొక యువకుని యేండ్లనాటి భయమును తీసివేయగలిగిన గద్యము తెలుగున మఱియెచ్చట నున్నది? వైద్యశాల లేని పల్లెకును అది పోయినది. దాని లోపములును గలవు. ప్రశ్న రెండు పంక్తులకు కుదింపబడుటచే అడిగిన మనుష్యుడు కనబడడు; అవయవ మొక్కటియే కనబడును. దంపతు లిరువురి సంగతియైనను భార్య గొంతు తఱచుగా వినబడదు. కథలకును సినిమాబొమ్మలకును నడుమ ముద్రింపబడుటచే దానిని వినోదముగా చదువువారు పెక్కండ్రైరి. వీనియన్నిటికంటె పెద్ద లోప మొకటి యున్నది. అది వ్రాసినవారిది కాదు. పత్రిక చెప్పుచున్నది గదా యని తక్కిన వైద్యులు తమ గదులలో నూరకుండిరి. ఒక వైద్యుడు లక్షలమందితో మాటలాడుటచే వేలమంది వైద్యులు తమ యెదుటి యొక్కనితో మాటలాడు భారమునుండి తప్పుకొనిరి.

ఎదుటివానితో మాటలాడవలెనన్న నే భాషలో? ఇదియే అసలు చిక్కు. వైద్యుని నోట రెండు భాషలున్నవి: తాను చదివిన ఇంగ్లీషు, పుస్తకములలోని సంస్కృతసమాసములు. రోగి నోట మూడవ భాష యున్నది. అతనికి గనేరియా 'సెగ', సిఫిలిసు 'సవాయి'. ఆమెకు నెలసరి 'ముట్టు' లేక 'బయటచేరుట'. అంగస్తంభనలోప మను మాట అతడెన్నడును వినలేదు. అతడు 'నరముల బలహీనత' యనును. ఈ పరిభాష నెఱుగని యువవైద్యుడు దానిని నిజముగా నరముల జబ్బనుకొని బలమునకు సూదిమందు పొడిచి పంపును. పాతబస్తీనుండి వచ్చినవాడు 'కమ్‌జోరీ' యనును, అదియు నిదియే. వైద్యుడు మర్యాదకై 'సంసారం బాగానే ఉందా?' యని యడిగినచో, రోగి 'పిల్లలు చదువుకుంటున్నారండీ, దేవుడి దయ' యని బదులు చెప్పును. ఇరువురును మాటలాడిరి, ఒకరి మాట యొకరికి చేరలేదు.

మన మాటలలో కొన్ని రోగికి శత్రువులు. 'మగతనము పోయినది' యనువాడు రోగమును చెప్పుటలేదు. తాను మనుష్యుడే కానని యొప్పుకొనుచున్నాడు. జ్వరము వచ్చినవాని నెవ్వరును మనుష్యుడు కాడనరు గదా! మఱియొకటి చూడుడు. బిడ్డలు లేని స్త్రీని 'గొడ్రా' లందుము. దానికి సరియైన పుంలింగశబ్దము మన యిండ్లలో వినబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన లెక్కప్రకారము వయోజనులలో ఇంచుమించు ఆఱుగురిలో నొకరు ఎప్పుడో యొకప్పుడు సంతానలేమిని అనుభవించుచున్నారు. బిడ్డలు లేని దంపతులలో దాదాపు సగముచోట్ల పురుషునియందును లోప ముండునని వైద్యులే చెప్పుదురు. అయినను మొదట సూదులు పొడిపించుకొనునది భార్యయే. తేలికయైన శుక్రపరీక్షకు భర్త నొప్పించుటకు సంవత్సరములు పట్టును. భాషలో లేని పదము వైద్యశాలలో లేని పరీక్షగా మాఱినది.

'దేశభాషలలో వైద్యమునకు పదములు లేవు' అను వాదమును హైదరాబాదువారు చెప్పరాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడి ఉర్దూలో పై చదువులు చెప్పెను. వైద్యము నా భాషలోనే బోధించెను. గ్రంథములు తెచ్చుటకు ముందుగనే 1917లో అనువాదశాఖ యేర్పడెను. పదములు లేవని కూర్చుండక వారు చేసికొనిరి. ఆ భాషను నాడు తెలుగువారిమీద మోపుట న్యాయమా కాదా యనునది వేఱు చర్చ. పదములు యత్నముచే పుట్టుననుటకు మాత్ర మది సాక్ష్యము.

'మాకు సమయము లేదు' అని వైద్యు లందురు. మా గణితోపాధ్యాయుని ప్రశ్నకు అరనిమిషము చాలియుండెడిది. పక్షవాతమునకు వైద్యశాలలో పందొమ్మిది దినములు పట్టినది. 'అడిగిన నపార్థము చేసికొందురు. స్త్రీలు నిందింతురు' అని మఱియొక మాట. ఈ భయము పూర్తిగ నిరాధారము కాదు. తగని చనువు చేసిన వైద్యులును లేకపోలేదు. కాని దానికి విరుగుడు మౌనము కాదు, మర్యాద. ఎందుకడుగుచున్నానో ముందు చెప్పి, ఇష్టము లేనిచో బదులు చెప్పనక్కఱలేదని చెప్పి, పరీక్ష చేయునప్పుడు దాదిని పిలిచి యడిగిన ప్రశ్నను తప్పుపట్టువారు మిక్కిలి తక్కువ. శాసనములును లేకపోలేదు. దాంపత్యశక్తిని పెంచునను మందుల ప్రకటనలను 1954నాటి చట్టము నిషేధించినది. ఎయిడ్సు రోగి రహస్యమును కాపాడవలెనని 2017నాటి చట్టము శాసించినది. 2019నుండి వైద్యవిద్యలో రోగితో సంభాషించు విధమును ప్రత్యేకముగా బోధింపవలెనని నియమించిరి. చట్టము గోడమీది కాగితమును చింపగలదేమో కాని వైద్యుని నోరు తెఱువజాలదు.

మేము కోరునది కొంచెమే. తలుపు మూయుడు. ఒక రోగి యుండగా మఱియొకరిని లోనికి పిలువకుడు. వచ్చిన పనిని వాకిటి బల్లకడ బిగ్గరగా నడుగవలదని గుమాస్తాకు చెప్పుడు. భార్యను భర్తను కలిపి చూచిన పిమ్మట వేఱువేఱుగా నొక్కొక్క మాట మాటలాడుడు. రోగి చెప్పిన పదమునే మీరును వాడుడు, నవ్వకుడు. రోగి యెత్తునని కాచుకొనక మీరే యెత్తుడు. 'ఈ మందు వాడేవారిలో కొందరికి కాపురంలో ఇబ్బంది వస్తుంది. మీకేమైనా వచ్చిందా? వస్తే చెప్పండి, మందు మార్చవచ్చు.' ఇందు సంస్కృతము లేదు, ఇంగ్లీషు లేదు, బూతు లేదు. ఇట్టి వాక్యములు పది పదునైదు కూర్చి, ప్రతి వైద్యవిద్యార్థిచేతను వల్లె వేయింపవలెను. కూర్చు పనిలో భాషోపాధ్యాయులమైన మేమును చేయి కలుపవలెను. అది మాకు వ్యాకరణసూత్రములకంటె తక్కువ పని కాదు.

కడపట నొక సంగతి చెప్పి విరమింతుము. గడచిన వేసవిలో మా పూర్వశిష్యు డొకడు, అమీర్‌పేట వసతిగృహమున నుండి చదువుకొనువాడు, మా యింటికి వచ్చి గంటసేపు ఊరక కూర్చుండెను. తుదకు, ధాతునష్టమని భయపడి గోడప్రకటనవాని కిరువదివేల రూపాయలు సమర్పించితినని కన్నీరు పెట్టుకొనెను. తండ్రి పంటసొమ్ము పంపినది పరీక్షరుసుమునకై. మేము వానిని మా కాలనీలోని యొక వైద్యునికడకు తీసికొనిపోయితిమి. ఆయన మమ్ము వెలుపల నుండుమని చెప్పి తలుపు మూసెను. ఇరువది నిమిషములకు కుఱ్ఱవాడు బయటికి వచ్చెను. చేతిలో మందుచీటి లేదు. 'ఏమన్నారురా?' యని యడిగితిమి. 'నేను చెప్పిందంతా విన్నారు మాస్టారూ. ఏ జబ్బూ లేదన్నారు' అనెను. దారిలో వాడు మా వెనుక కాక మా ప్రక్కనే నడచెను. ఆ మూసిన తలుపువంటి తలుపులు మన పట్టణమున నెన్ని యున్నవో వైద్యులు తమలో తాము లెక్కించుకొందురు గాక.